నాచు పిడకల మీద మొదటి పెనం

ఆ బుధవారం పొద్దెక్కేలోగా అవ్వాల్సిన పనులు ఇవీ:

గానుగ రోళ్ల ఇరుసుకి నూనె పెట్టాలి. ఎడ్లకి కుడితి పట్టించి కాడి కట్టాలి. బెల్లం వండే పెనాన్ని కొబ్బరిపీచుతో తోమి బోర్లించాలి. సున్నం నీళ్లు తేర్చి ఉంచాలి. మంచుకి చల్లబడ్డ నాచు పిడకల్ని ఎండ తగిలేవైపుకి తిప్పి పేర్చాలి, మధ్యమధ్య ఒకటి విరిచి లోపల తడి ఉందేమో చూసుకోవాలి. నా నోటుబుక్కులో గడులు గీసుకోవాలి. మంటేసే పరదేశికి చద్దన్నం తెచ్చిపెట్టమని అతని పెళ్లాం నూకరత్నానికి కబురు పంపాలి. ఒకసారి పొయ్యి ముందు కూచున్నాక పెనం దిగేదాకా అతను లేవడు. వీటన్నిటికంటే ముఖ్యంగా, బంగార్రాజు గానుగ దగ్గరికి వచ్చేలోగా పొయ్యి అంటించెయ్యాలి.

ఆఖరిది తప్ప అన్నీ అయ్యాయి.

మొదటినుంచీ చదువుతున్నవారికి తెలిసిన సంగతే అయినా, ఈ వారమే పత్రిక చేతికొచ్చినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. కార్తీకంలో పట్టిన తుపాను చోడవరం చుట్టుపక్కల చెరకునంతా నేలకి పడగొట్టింది. అంతకన్నా పెద్ద దెబ్బ, గానుగల దగ్గర వాముల్లా వేసిన ఎండు పిప్పి నిలువునా నాని కుళ్లిపోయింది. మా వైపు చెరకు రసాన్ని ఆ చెరకు పిప్పితోనే వండుతాం. ఈ ఏటి కొత్త పిప్పి ఎండేందుకు వ్యవధి లేదు. చీడికాడ కొండల కర్ర బళ్లున్నవాళ్లకి దొరికింది, మిగతావాళ్లకి దొరకలేదు. నేను, సత్యారావుని, ఈ గానుగకే ఎడ్లు తోలినవాడి కొడుకుని. మా ఇంట్లో బి.ఎస్సీ. దాకా చదివినవాడు నాకు ముందు ఎవరూ లేరు. బ్లాకాఫీసులో గ్రామసేవకుడి ఉద్యోగం. తుపాను నష్టం రాసుకురమ్మని పూడిమడక పంపితే, అదే తుపాను అక్కడ సముద్రపొడ్డున నడుమెత్తు నాచు కుప్పలు పోసి ఉండడం చూశాను. ఎండిన గుప్పెడు తీసి అగ్గిపుల్ల గీస్తే అంటుకుంది. ఆ సంగతి ఊళ్లో చెప్తే నవ్వనిది అచ్చియ్యమ్మ ఒక్కతే. మొగుడు పోయి ఆరేళ్లయింది, ఎకరం చెరకు తప్ప వేరే ఆధారం లేదు. ఆవిడే బళ్లు కట్టించి నాలుగు బళ్ల నాచు తెప్పించింది. దాన్ని శారదానదిలో కడిగి, కాస్త పేడ కలిపి, పిడకలు కొట్టి ఎండబెట్టింది. ఆ బుధవారం గానుగ దగ్గర ఆవిడ వంతు.

గానుగకి ఒక కట్టుబాటు ఉంది. పెనంలో పొంగు మొదలయ్యాక మధ్యలో ఆగిపోతే ఆ వంతు దిగిపోయినట్టే. వెనకనున్నవాడు ముందుకొస్తాడు. వంతు పోయినవాళ్లు వరసలో చివరికి పోవాలి. అచ్చియ్యమ్మకి మళ్లీ వంతు రావాలంటే పదిహేడు రోజులు. పడిపోయిన చెరకు అప్పటికే కణుపుల దగ్గర ఎర్రబడింది. పదిహేడు రోజులాగితే రసం పెనంలోకి కాదు, కుడితి గోలెంలోకి.

ఆవిడ వెనక వంతు బంగార్రాజుది. గానుగ కూడా అతనిదే.

"ఏటి బీయస్సీ బాబూ, సంద్రాన్ని సోడారం మోసుకొచ్చీసేవట?" అంటూనే వచ్చాడు బంగార్రాజు. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని పిడకల వరస చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఈ పొగకి బెల్లం సేపల కంపు కొడితే అనకాపల్లి యార్డులో మన ఊరి దిమ్మని ఎవడూ ముట్టుకోడు. నీ ఒక్క పెనంతో పోదు వదినా, ఊరి పేరు పోతాది."

"నీ ముక్కు ఇంటికాడ ఒగ్గీసి రావాల్సింది మరిదీ," అంది అచ్చియ్యమ్మ, రసం డబ్బా పెనంలోకి వంచుతూ. "వంతు నాది. పొయ్యి పొద్దు కుంకేదాకా నాది. కూకుంటే కూకో, లేకపోతే ఎల్లు."

"ఎల్లను. పొంగు ఆగిందా లేదా సూడ్డానికి ఒక మడిసి ఉండాల కదా."

పాక వారకి ఎత్తుపీట లాక్కుని కూచున్నాడు. పరదేశి ఈ మాటలేవీ పట్టించుకోలేదు. అరవై దాటిన మనిషి. పొయ్యి నోటి ముందు గుంతలో గొంతుక్కూచుని, మొదటి పిడకని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, గోటితో గీశాడు. నావైపు చూసి తలూపి లోపలికి తోశాడు. వెనక ఇంకో నాలుగు.

మంట చక్కగా అందుకుంది. పసుపులో సన్నగా ఆకుపచ్చ కలిసిన మంట. రసం వెచ్చబడి మడ్డి తేలింది. అచ్చియ్యమ్మ సున్నం నీళ్లు పోసి, జల్లిగరిటెతో మడ్డి తీసి అవతల పోసింది. ఇంకాసేపటికి పెనం అంచుల్లోంచి పొంగు లేచింది. పొగ వాసన ఉంది, కాదనను. ఎండిన వల పక్కన నించున్నట్టు ఉంది. కాని పొగ గొట్టంలోంచి పైకి పోతోంది, పెనం మీద పాకం వాసనే. నేను గడియారం చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. రసం పదహారు డబ్బాలు. నాచు మూడు నీళ్లు కడిగినది. అంటించింది ఏడూ పది. పొంగు ఎనిమిదింబావు. మంట వేయుటకు కూలి, ఒకరు.

"రాసుకో, రాసుకో," అన్నాడు బంగార్రాజు. "పొంగు ఎప్పుడాగిందో అది కూడా రాద్దువు గాని."

తొమ్మిదిన్నర దాటింది. పరదేశి తల తిప్పకుండానే పిలిచాడు.

"బాబూ. ఇలా రా."

వెళ్లి పక్కన కూచున్నాను.

"మంట దిగిపోతన్నాది. పిడక ఎయ్యడానికి ఏసేను, ఎక్కువే ఏసేను. కిందనించి గాలి నేదు."

వంగి పొయ్యి లోపలికి చూశాను. పిడకల కింద బూడిద ఉండాల్సిన చోట బూడిద లేదు. కరిగి గడ్డకట్టినట్టు మెరుస్తున్న పెచ్చు ఒకటి, పగిలిన సోడాసీసా రంగులో, పొయ్యి అడుగంతా పరుచుకుని ఉంది. దాని మీద కొత్త పిడకలు కాలకుండా రాజుకుంటున్నాయి, పొగ నోటిలోంచి వెనక్కి తంతోంది.

మా అమ్మ పొయ్యి మీద నాలుగు పిడకలే కాల్చి చూశాను నేను. వాటి బూడిద చేత్తో నలిపితే పొడయింది. నా చేత్తో నేను కడిగిన నాచు అది.

"తాతా, ఇది ఉప్పు కరిగి కట్టిన పెచ్చు. గాలికి దారి మూసేసింది. వెనక బూడిద నోరు తీసి, కొక్కెంతో పెచ్చు లాగేస్తే మంట అదే లేస్తుంది," అన్నాను.

పరదేశి కదల్లేదు. చెరకు అందిస్తున్నవాళ్లు చేతులాపేశారు. ఎడ్లు తోలేవాడు కూడా ఎడ్లనాపి ఇటే చూస్తున్నాడు. బంగార్రాజు పీట మీంచి లేచాడు. ఈసారి అతని ముఖంలో వెటకారం లేదు.

"ఏటన్నావు?"

"బూడిద నోరు తియ్యాలన్నాను, మావయ్యా."

"పెనం మీద రసం ఉండగానా? ఈ గానుగ పుట్టిన కాడినించీ నీ బాబే ఎడ్లు తోలేడు. నీకు తెల్దేటి? పెనం దిగేదాకా పొయ్యి కడుపు కదపకూడదు."

తెలుసు. చిన్నప్పటినుంచీ వింటున్న మాటే. గానుగ దగ్గర చెప్పులు విప్పడం, మొదటి రసం నేలమీద చిలకరించడం లాంటిదే ఇదీ అనుకున్నాను. పిప్పి బూడిద తేలిక, దానంతటదే గాలికి పోతుంది. మధ్యలో కదపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అందుకని ఆచారం అయింది. కాలేజీలో నాలుగేళ్లు చదివినవాడికి ఇంతకంటే ఏం తోస్తుంది?

"మావయ్యా, అది పిప్పి మంటకి పెట్టుకున్న కట్టుబాటు. ఇది వేరే రకం కట్టె. దీనికి..."

"కట్టుబాటు కాదు బాబూ," అన్నాడు పరదేశి. పొయ్యిలోకే చూస్తున్నాడు. "మా అన్న."

పెనంలో పొంగు ఇంకా గుడగుడమంటోంది, నడుమ మాత్రమే. అంచులు నిలిచిపోయాయి.

"నాకప్పుడు పదేడో పద్దెనిమిదో. మా అన్న మంటేసీవోడు. ఆ ఏడు కూడా వాన. సగం పచ్చి పిప్పి ఏసేరు, బూడిద ముద్దయిపోనాది. నోరు తియ్యరా అన్నారు. తీసేడు. తీసిన నోట్లోకి గాలి ఒక్కపాలి కొట్టీసింది. మంట ఎనక్కి తన్ని మా అన్న మొకాన్ని నాకీసింది. ఆ తరవాత ముప్పై ఏళ్లు బతికేడు. గుడ్డోడిగా బతికేడు."

"ఎవరన్నారు తియ్యమని?" అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

బంగార్రాజు చెప్పాడు.

"మా నాయిన."

తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఆ యేల వంతు మాది. పెనం పోతాదని తియ్యమన్నాడు. పెనం నిలిచింది. బెల్లం బాగానే వచ్చింది. ఆ బెల్లం మా నాయిన తిన్నేదు. ఆ మర్నాడే ఊరందర్నీ కూసోబెట్టి ఈ మాట పెట్టించేడు. పొంగు ఆగితే వంతు దిగిపోవాల, గొడవ నేకండా దిగిపోవాల, ఎవడూ పొయ్యి కదపమని ఎవడికీ సెప్పకూడదు అని. నువ్వేటనుకున్నావు, ఎవరి వంతో లాగీసుకోడానికి పెట్టేమనుకున్నావా?"

అలాగే అనుకున్నాను. వారం వారం ఇక్కడ రాసింది కూడా అదే ధోరణిలో రాశాను. అది నా తప్పు.

తలవంచుకుని, చేతికందిన విరిగిన పిడక ముక్క తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. గొంతు దాకా పట్టేసే ఉప్పు. మూడు నీళ్లు కడిగిన నాచుకి ఇంత ఉప్పు ఉండదు.

"అత్తా," అన్నాను అచ్చియ్యమ్మని. "ఏట్లో ఎన్ని నీళ్లు కడిగేరు?"

ఆవిడ జల్లిగరిటె పట్టుకుని పెనానికి అవతల నించుని ఉంది.

"అత్తా, మూడు నీళ్లు అని చెప్పాను కదా."

"ఒక్క నీరే బాబూ," అంది. "ఒక్కపాలే ముంచి తీసీసేను. అంత దూరంనించి, ఎండి, గలగల్లాడతా వచ్చింది సరుకు. తుపాన్లో నా పిప్పి వాము కళ్లముందర నానిపోయింది. వారం రోజులు దాన్ని తిరగేసుకుంటా ఏడిసేను. ఎండినదాన్ని మల్ల తడపమంటే, మల్ల తడపమంటే, నా సేతులు రానేదు. ఉప్పు ఏటి సేస్తాదిలే, మంటలో మాడిపోతాది అనుకున్నాను."

ఆవిడని ఏమనగలను? చెరకు పండించే ఊళ్లో ఎండు పిప్పి మీద చెంబుడు నీళ్లు ఒలికితే పిల్లల్ని కొడతారు. నేను ఆ రోజు ఏటి దగ్గర ఉండాల్సింది. బ్లాకాఫీసులో మీటింగని వెళ్లిపోయాను. తిరిగొచ్చి, కుప్పలు చూసి, ఎవర్నీ అడక్కుండానే 'మూడు నీళ్లు' అని రాసేసుకున్నాను. పుస్తకం నా చేతిలోనే ఉంది. ఆ అక్షరాలు నావే.

పెనం నడుమ పొంగు కూడా సన్నబడింది.

అచ్చియ్యమ్మ గరిటె కింద పెట్టేసింది. "దింపీండి. వంతు దిగిపోనీండి. నా సెరకు పోతే పోనాది. ఒక మడిసి కళ్లు నాకొద్దు."

"నేను తీస్తాను," అని లేచి కొక్కెం అందుకున్నాను. బరువైన ఇనప ఊచ, చివర వంకీ. రెండడుగులు వేశానో లేదో, పరదేశి నా పంచె చెంగు పట్టుకుని లాగాడు.

"కూకో."

"తాతా, తప్పు నాది."

"తప్పు నీదే. కానీ గాలి ఏపక్కనించి వస్తన్నాదో నీకు తెల్దు. సెప్పు, ఏపక్క?"

నేను పొగ గొట్టం వైపు తలెత్తి చూసేలోగా అతనే చెప్పాడు.

"పొద్దున్న పడమటనించి. ఇప్పుడు తూరుపునించి వస్తన్నాది, అరగంట్నించీ. బూడిద నోరు పడమటేపు. తీసినా ఆ నోట్లోకి గాలి కొట్టదు. మా అన్నకి ఆ యేల అది సెప్పీవోడు నేడు." మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. "నలబై ఏళ్లు మంటేసేను. నా సేతి కింద ఒక్క పెనం సల్లార్లేదు. సంద్రంలో గడ్డికి సల్లారతాదేటి? గోనిసంచి తడిపి ఇలా ఇయ్యి."

"పరదేశీ, నేనొద్దంటన్నాను," అన్నాడు బంగార్రాజు. "గానుగ నాది. వద్దు."

"మీరు తియ్యమన్లేదు బాబూ. ఈ గుంటడూ తియ్యమన్నాడు గాని, వాడి మాటమీద తియ్యట్లేదు. ఆమె ఒద్దంది. ఇది నాకు నేను తీస్తన్నది. అందరూ ఇనుకోండి."

తడిపిన గోనెసంచి తలమీంచి కప్పుకున్నాడు. గాలి దూరకుండా పొయ్యి ముందు నోటిని రేకుతో మూయించాడు. వెనక్కి వెళ్లి, మట్టి మెత్తిన పెంకు తొలగించి, పక్కకి జరిగి వంగి కొక్కెం లోపలికి పెట్టాడు.

మొదటి పెచ్చు వచ్చింది. ఆకుపచ్చగా, నిప్పులు కక్కుతూ, నేలమీద పడి టప్పుమని పగిలింది. రెండోది వచ్చింది. లోపల ఏదో బుసకొట్టినట్టు మంట లేవడం మాకందరికీ వినిపించింది. పెనంలో అంచులు కదిలాయి.

"సాలు, వచ్చీ!" అని అరిచాడు బంగార్రాజు.

"ఇంకోటున్నాది. పెద్దది."

మూడోది రాలేదు. అడుగుకి అతుక్కుపోయింది. పరదేశి పక్కనించి లాగి చూశాడు, కుదరలేదు. బలం చాలక, నోటికి ఎదురుగా వచ్చి నించున్నాడు. రెండు చేతులా లాగాడు. పెచ్చు ఊడింది. దానితోపాటు, అతుక్కున్న నిప్పులన్నీ ఒక్కసారిగా బయటికి దూకాయి.

గాలి తప్పు లేదు. అతను చెప్పినట్టు తూర్పునించే వీస్తోంది.

నేను చేరేసరికే బంగార్రాజు అతన్ని రెక్కలు పట్టి ఇవతలికి లాగేశాడు. గోనె ఆవిరి చిమ్ముతోంది. అది తీసి చూస్తే జుట్టు ఉంది, నుదురు ఉంది. రెండు చేతులూ కళ్లమీద బిగించి పెట్టుకున్నాడు. ఆ చేతుల మీద చర్మం చూడలేకపోయాను.

"పెనం," అన్నాడు పరదేశి. "పెనం సూడండి. పిడకలెయ్యండి, ఇప్పుడెయ్యకపోతే..."

ఎవరు వేస్తారు? నేను అతని తల ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. అచ్చియ్యమ్మ నీళ్లకి పరిగెత్తింది. అప్పుడు బంగార్రాజు పొయ్యి ముందు గుంతలోకి దిగాడు. గానుగ ఆసామి, పుట్టాక ఎప్పుడూ ఆ గుంతలో కాలు పెట్టనివాడు, రేకు లాగి పడేసి, తువ్వాలు చేతికి చుట్టుకుని, చేపల కంపని ముక్కు మూసుకున్న ఆ పిడకల్నే ఒకటొకటిగా తోశాడు.

"వదినా! పెనం దగ్గరికి రా! నీ వంతు ఇంకా దిగలేదు!"

పొంగు అంచులు పట్టి లేచింది. పాకం ముదిరింది. పదకొండు దాటాక అచ్చియ్యమ్మ పాకం చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసింది. ఏడుస్తూనే చూసింది. పెనం దించారు. ఆ అడుగున గీకిన ముద్దని బంగార్రాజు చిటికెడు నోట్లో వేసుకుని చప్పరించాడు.

"బెల్లమే," అన్నాడు. "ఇంకేటీ కాదు."

పెనం దిగేలోపే పరదేశిని బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టారు, అనకాపల్లి ఆసుపత్రికి. కళ్లమీద తడిగుడ్డ. లోపల ఎలా ఉన్నాయో విప్పి చూసే ధైర్యం ఎవరికీ లేదు. చద్దన్నం గిన్నె పట్టుకుని గానుగ దగ్గరికి వచ్చిన నూకరత్నం ఆ గిన్నెతోనే బండెక్కింది. బండి కదలబోతుంటే నా చేతిలో నోటుబుక్కు చూసింది.

"అందులో ఏటి రాసేవు బాబూ?"

ఉన్నది చదివాను. రసం పదహారు డబ్బాలు. నాచు మూడు నీళ్లు కడిగినది. అంటించింది ఏడూ పది. పొంగు ఎనిమిదింబావు. మంట వేయుటకు కూలి, ఒకరు.

"ఆ ఒకరికి పేరు నేదేటి?" అంది నూకరత్నం.

బండి వెళ్లిపోయింది. పెనం దిగాక బంగార్రాజు మసిపట్టిన చేతుల్తో వచ్చి నా ఎదర నించున్నాడు.

"రేపు పొద్దున్న ఊరు కూడతాది. మా నాయిన పెట్టిన మాట ఎవరు దాటించేరని అడుగుతారు. నాసు సరిగ్గా కడిగేరా అని నిన్నే అడుగుతారు, రాసినోడివి నువ్వు గనక. అవునంటే నీ పుస్తకం నిలుస్తాది. కాదంటే మా వదినని ఊరు బతకనివ్వదు. ఏటి సెప్తావు బీయస్సీ బాబూ?"

ఈసారి అతను వెక్కిరించడానికి అడగలేదు.

ఆ సాయంత్రం 'మూడు నీళ్లు' అన్న మాట మీద కలం పెట్టి చాలాసేపు కూచున్నాను. కొట్టెయ్యలేదు, ఉంచనూ లేదు. కింద గడిలో 'ఒకరు' అన్నది మాత్రం కొట్టేశాను.

మర్నాడు గానుగ దగ్గర చాలామంది మాట్లాడారు. అచ్చియ్యమ్మ మాట్లాడింది, బంగార్రాజు మాట్లాడాడు, నేనూ మాట్లాడాల్సి వచ్చింది. ఆ పెనం నావల్లే నిలిచిందని, ఇంత జరిగింది నావల్లేనని, ఎవరికి తోచింది వాళ్లం చెప్పుకున్నాం. చెప్పాల్సినవాడు అక్కడ లేడు, అనకాపల్లి ఆసుపత్రిలో ఉన్నాడు. అందుకని, ఇకమీదట మేమేం చెప్పినా వినండి గాని, ఒక్క సాయం చెయ్యండి. ఆ రోజు గాలి ఏ పక్కనించి వీస్తోందో తెలిసిన మనిషి ఒక్కడే. అతని పేరు పరదేశి. మరిచిపోకండి.